ఇంటర్‌ఫెరాన్ జన్యువుల నిర్మాణం మీ చేత్తో మీరే చదవడం ఎలా

ఎమ్మెస్సీ బయోటెక్ చదివే పిల్లల్ని "జీన్ స్ట్రక్చర్ గీయండి" అంటే అందరూ ఒకే బొమ్మ గీస్తారు. ముందు ప్రమోటర్ (జన్యువుని లేపే స్విచ్ భాగం), తర్వాత మూడు డబ్బాలు (ఎక్సాన్లు, అంటే చివరి సందేశంలో మిగిలే ముక్కలు), డబ్బాల మధ్య గీతలు (ఇంట్రాన్లు, అంటే కత్తిరించి తీసేసే ముక్కలు), చివర పాలీ ఏ తోక. బొమ్మలో తప్పేం లేదు, కానీ అది ఏ జన్యువుది అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అది పుస్తకంలోంచి పుస్తకంలోకి వచ్చిన బొమ్మే తప్ప ఏ ఒక్క జన్యువుదీ కాదు. అందుకే నన్నెవరు అడిగినా ఒకటే చెప్తాను: ఒక అసలు జన్యువుని తీసుకుని, డీఎన్ఏలోని ఏ, టీ, జీ, సీ అక్షరాల్లో మొదటి దాని నుంచి చివరి దాని దాకా, పెన్ను పట్టుకుని చదవండి. ఒక్కసారి చేస్తే చాలు, ఆ తర్వాత ఏ జన్యువు పేజీ తెరిచినా భయం ఉండదు.

దానికి మనిషి ఇంటర్‌ఫెరాన్ జన్యువులే ఎందుకంటే, ఇవి (వైరస్ లాంటివి వస్తే కణాలు వదిలే రక్షణ ప్రోటీన్లని తయారుచేసేవి) చిన్నవి, మనకి పనికొచ్చేవి, పైగా ఒకే పేరు కింద రకరకాల నిర్మాణాలు కనిపిస్తాయి. ఒక దాంట్లో ఇంట్రానే ఉండదు, ఇంకో దాంట్లో మూడుంటాయి, మరో దాంట్లో ఒక్క అక్షరం తేడాతో ప్రోటీన్ ఉంటుంది లేదా ఉండదు. కావాల్సింది ఇంటర్నెట్ ఉన్న ఒక కంప్యూటర్, నాలుగు కాగితాలు, రెండు రంగుల పెన్నులు. ఫోన్‌లో చేయొద్దు, తెర చిన్నదై లెక్క తప్పుతుంది.

ముందు బీటా

ఎన్‌సీబీఐ వెబ్‌సైటులో న్యూక్లియోటైడ్ అనే విభాగం ఎంచుకుని ఎన్ఎం_002176 అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. వచ్చేది ఐఎఫ్ఎన్‌బీ1, అంటే ఇంటర్‌ఫెరాన్ బీటా జన్యువు నుంచి తయారయ్యే ఎంఆర్ఎన్ఏ, అంటే ప్రోటీన్ ఎలా కట్టాలో చెప్పే సందేశం. పేజీ కిందికి వెళ్తే అక్షరాలు పదేసి గుంపులుగా, వరసకి అరవై చొప్పున ఉంటాయి, ఎడమ పక్కన అంకెలుంటాయి. మొత్తం కలిపి పదిహేను వరసలు దాటదు. చూడండి, ఒక మనిషి జన్యువు నుంచి వచ్చే సందేశం మొత్తం సగం పేజీలో సరిపోయింది. దాన్ని ప్రింట్ తీసుకోండి.

ఇప్పుడు ఫీచర్స్ దగ్గర సీడీఎస్ అనే మాట మీద నొక్కితే ప్రోటీన్‌గా మారే భాగం రంగు మారి కనిపిస్తుంది. ప్రింటులో ఆ భాగాన్ని పెన్నుతో గుర్తు పెట్టుకోండి. దాని పొడవు 564 అక్షరాలు. మూడు అక్షరాలకి ఒక అమైనో ఆమ్లం, ఆ మూడింటిని కోడాన్ అంటారు. మూడుతో భాగించండి, 188 వస్తుంది. చివరి మూడు అక్షరాలు ఆగమని చెప్పే స్టాప్ కోడాన్, అది తీసేస్తే 187 అమైనో ఆమ్లాలు. ఈ లెక్క తప్పకుండా కాగితం మీద వేయండి, ఎందుకంటే ఇక్కడ మూడుతో భాగించినప్పుడు శేషం వచ్చిందంటే ఎక్కడో ఒక అక్షరం వదిలేశారని అర్థం.

మొదలు ఇలా ఉంటుంది: ఏటీజీ ఏసీసీ ఏఏసీ ఏఏజీ టీజీటీ. కోడాన్ పట్టిక పక్కన పెట్టుకుని చదివితే మెథియోనిన్, థ్రియోనిన్, ఆస్పరాజిన్, లైసిన్, సిస్టీన్. అలా మూడేసి అక్షరాలు గీతలు కొట్టుకుంటూ వెళ్ళండి. 64వ అక్షరం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఏటీజీ కనిపిస్తుంది, తర్వాత ఏజీసీ టీఏసీ ఏఏసీ. చాలామంది ఇక్కడే తికమక పడతారు, రెండో ఏటీజీ ఎందుకొచ్చింది, అసలు ప్రోటీన్ ఏది అని. మొదటి 21 అమైనో ఆమ్లాలు సిగ్నల్ పెప్టైడ్, అంటే ప్రోటీన్‌ని కణం బయటికి పంపే చీటీ లాంటిది, పని అయ్యాక దాన్ని కత్తిరించేస్తారు. 21 మూళ్ళు 63. కాబట్టి 64వ అక్షరం నుంచి మొదలయ్యేదే రక్తంలో తిరిగే అసలు ఇంటర్‌ఫెరాన్ బీటా, 166 అమైనో ఆమ్లాలు. అది కూడా మెథియోనిన్‌తోనే మొదలవుతుంది, అంతే. సిగ్నల్‌కి ఒక రంగు, అసలు ప్రోటీన్‌కి ఇంకో రంగు వేసేయండి.

రంగు వేశాక 112వ అక్షరం దగ్గరికి వెళ్ళండి. లెక్క ఏటీజీ లోని ఏ నుంచే మొదలుపెట్టాలి, ఎంఆర్ఎన్ఏ మొదటి అక్షరం నుంచి కాదు. అక్కడ టీజీటీ ఉంటుంది, సిస్టీన్. అసలు ప్రోటీన్‌లో ఇది 17వ స్థానం. ఈ ప్రోటీన్‌లో మూడు సిస్టీన్లుంటే రెండు ఒకదానికొకటి జత కడతాయి, ఇది ఒంటరిగా మిగిలిపోతుంది. బాక్టీరియాలో ఈ ప్రోటీన్‌ని తయారు చేయబోతే ఈ ఒంటరి సిస్టీన్ తప్పుడు జతలు కట్టి మందుని పాడుచేస్తోందని, దీన్ని సెరీన్‌గా మార్చారు. అలా వచ్చిందే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి 1993లో అమెరికాలో అనుమతి పొందిన ఇంటర్‌ఫెరాన్ బీటా-1బీ. మీ కాగితం మీద ఆ టీజీటీలో మొదటి టీ కొట్టేసి ఏ రాయండి, ఏజీటీ అవుతుంది, అంటే సెరీన్. ఒక్క అక్షరంతో మందు ఎలా మారుతుందో వంద సార్లు విన్నా రాని అవగాహన ఇలా ఒక్కసారి రాస్తే వస్తుంది.

జన్యువు ముందు భాగం, అందరూ పడే గొయ్యి

ఎంఆర్ఎన్ఏ చదివారు, బాగుంది. కానీ ఈ జన్యువు మామూలుగా నిద్రలో ఉంటుంది, వైరస్ వస్తేనే లేస్తుంది. ఆ స్విచ్ ఎక్కడుంది అనేది ఎంఆర్ఎన్ఏలో కనిపించదు, జీనోమ్‌లోకి వెళ్ళాలి. యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ తెరిచి, మనిషి జీనోమ్ హెచ్‌జీ38 ఎంచుకుని, జన్యువు పేరు కొట్టండి. 9వ క్రోమోజోమ్ పొట్టి చేతి మీద, సుమారు 2 కోట్ల 10 లక్షల 77 వేలవ అక్షరం దగ్గర తేలుతుంది. ఒకే ఒక్క డబ్బా. లావుగా ఉన్నది ప్రోటీన్ భాగం, రెండు పక్కలా సన్నగా ఉన్నవి ప్రోటీన్‌గా మారని చివర్లు. మధ్యలో గీత లేదు, అంటే ఇంట్రాన్ లేదు. పుస్తకంలో గీసుకున్న మూడు డబ్బాల బొమ్మ ఇక్కడ పనికిరాదు.

ఆ డబ్బా మీద ఉండే బాణం గుర్తుల్ని చూడండి, ఎడమకి తిరిగి ఉంటాయి. అంటే ఈ జన్యువు మైనస్ స్ట్రాండ్ మీద ఉంది, కుడి నుంచి ఎడమకి చదవాలి. దీని ప్రమోటర్ తెరమీద డబ్బాకి కుడి పక్కన ఉంటుంది, ఎడమ పక్కన కాదు. దయచేసి ఇది రెండుసార్లు చదవండి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగం మంది ఎడమ పక్క నుంచి అక్షరాలు కాపీ చేసుకొచ్చి "సార్, ప్రమోటర్‌లో ఏమీ లేదు" అన్నవాళ్ళే.

సులువైన దారి ఏంటంటే, జన్యువు మీద నొక్కి, లోపలి పేజీలో జీనోమిక్ సీక్వెన్స్ అనే లింకుకి వెళ్ళి, ముందు భాగం 200 అక్షరాలు ఇమ్మని అడగడం. అలా అడిగితే బ్రౌజరే తిప్పి సరైన దిశలో ఇస్తుంది. వచ్చిన అక్షరాల్లో కంట్రోల్ ఎఫ్ కొట్టి జీజీజీఏఏఏటీటీసీసీ వెతకండి. జన్యువు చదవడం మొదలయ్యే చోటికి సుమారు 60 అక్షరాల ముందు అది దొరుకుతుంది. అదే ఎన్ఎఫ్ కప్పా బీ అనే, జన్యువుల్ని లేపే ప్రోటీన్ వచ్చి కూర్చునే చోటు. ఒకవేళ వ్యూ మెనూలోంచి నేరుగా డీఎన్ఏ తీసుకుని, రివర్స్ కాంప్లిమెంట్ (వరసని తిప్పి, జత అక్షరాలతో రాయడం) పెట్టడం మర్చిపోతే ఇదే చోటు జీజీఏఏటీటీటీసీసీసీ అని కనిపిస్తుంది. ఆ వరస దొరికిందంటే తిప్పడం మర్చిపోయారన్నమాట, ఇదే మంచి పరీక్ష.

దాని చుట్టుపక్కల యాభై, అరవై అక్షరాల్లోనే ఇంకా రెండు రకాల ప్రోటీన్లు కూర్చుంటాయి. ముందు వైపు ఏటీఎఫ్2, సీ-జున్ జంట, మధ్యలో ఐఆర్‌ఎఫ్3, ఐఆర్‌ఎఫ్7, చివర ఎన్ఎఫ్ కప్పా బీ. వైరస్ వచ్చినప్పుడు ఇవన్నీ కలిసి ఒకేసారి కూర్చుంటేనే జన్యువు గట్టిగా పనిచేస్తుంది. ఇలా అందరూ పక్కపక్కన ఇరుక్కుని కూర్చునే గుంపుకి ఎన్‌హాన్సియోజోమ్ అని పేరు, అమెరికా శాస్త్రవేత్త టామ్ మానియాటిస్ బృందం దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. నాకు ఈ జన్యువులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. అరవై అక్షరాల్లో అంత కట్టుదిట్టమైన తాళం ఉందంటే కారణం ఉంది, ఇంటర్‌ఫెరాన్ అవసరం లేకుండా ఊరికే తయారైతే ఒంటికి చేటు, ఫ్లూ జ్వరంలో వచ్చే ఒళ్ళునొప్పులు, నీరసం చాలావరకు దీని పుణ్యమే. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ వేయించుకున్న హెపటైటిస్ రోగుల్ని అడిగితే ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్తారు.

లేవడానికి తాళం ఉన్నట్టే పడుకోబెట్టడానికీ ఒక ఏర్పాటుంది. మళ్ళీ మీ ప్రింటుకి రండి, స్టాప్ కోడాన్ తర్వాత భాగంలో ఏటీటీటీఏ అనే ఐదక్షరాల ముక్క వెతకండి. ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు ఏటీటీటీఏటీటీటీఏ అని కనిపిస్తుంది. ఇలాంటి ముక్కలున్న ఎంఆర్ఎన్ఏని కణం త్వరగా ముక్కలు చేసేస్తుంది, పని అయ్యాక సందేశం మిగలకూడదని.

పక్కింటివాళ్ళు: ఆల్ఫాలు

ఇప్పుడు బ్రౌజర్‌లో దూరం జరిగి చూడండి. 9వ క్రోమోజోమ్ మీద 2 కోట్ల 10 లక్షల నుంచి 2 కోట్ల 15 లక్షల దాకా తెరమీదికి తెస్తే వీధి మొత్తం కనిపిస్తుంది. ఒక చివర బీటా, ఇంకో చివర ఎప్సిలాన్, మధ్యలో ఒమేగా, ఆల్ఫాలు. సుమారు 4 లక్షల అక్షరాల్లో పనిచేసే ఇంటర్‌ఫెరాన్ జన్యువులు 16, వాటిలో 13 ఆల్ఫాలే. కప్పా ఒక్కటే వీధి వదిలి అదే క్రోమోజోమ్ మీద సుమారు 60 లక్షల అక్షరాల దూరంలో విడిగా ఉంటుంది, దానికి మాత్రం ఒక ఇంట్రాన్ ఉంది. మధ్యలో కేఎల్‌హెచ్‌ఎల్9 అనే సంబంధం లేని జన్యువు కనిపిస్తే కంగారు పడకండి, అది నిజంగానే అక్కడ కాపురం ఉంటోంది.

ఆల్ఫాల నంబర్లు రాసుకోండి: 1, 2, 4, 5, 6, 7, 8, 10, 13, 14, 16, 17, 21. "మధ్యలో 11, 12 ఏవి సార్" అని అడుగుతారు. పేరు చివర పీ అక్షరం ఉన్నవి అదే వీధిలో కనిపిస్తాయి చూడండి, అవి పాడైపోయిన కాపీలు, సూడోజీన్లు. 11, 12 అలాంటివే. ఒకే జన్యువు మళ్ళీ మళ్ళీ కాపీ అవుతూ, కొన్ని నిలబడి, కొన్ని చెడిపోయిన చరిత్ర ఆ వీధిలో అలాగే మిగిలిపోయింది. 1, 13 నంబర్లయితే జన్యువులు వేరు, తయారయ్యే ప్రోటీన్ ఒకటే.

ఇవెంత దగ్గరి చుట్టాలో తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. ఐఎఫ్ఎన్ఏ2 సీడీఎస్ 567 అక్షరాలు, ఎన్ఎం_000605 నుంచి కాపీ చేసుకుని యూసీఎస్‌సీ వాళ్ళ బ్లాట్‌లో (వరస జీనోమ్‌లో ఎక్కడుందో వెతికిపెట్టేది) వేయండి. ఒక్క చోటు రావాల్సింది పోయి అదే వీధిలో వరసగా ఎన్నో చోట్లు వస్తాయి. బీటా సీడీఎస్ వేసి చూస్తే అలా రాదు, దాని ఇల్లు ఒక్కటే గట్టిగా తేలుతుంది. పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్ఏ ముక్కని ఎన్నో కాపీలు చేసే పద్ధతి) కోసం ప్రైమర్లు, అంటే ఆ ముక్క రెండు చివర్లనీ పట్టుకునే చిన్న వరసలు రాసుకునే ప్రతి ఒక్కరూ ఈ పని ముందు చేయాలి, "ఐఎఫ్ఎన్ఏ2 ప్రైమర్లు" అని మీరు అనుకునేవి ఐదారు ఆల్ఫాల్ని కలిపి పట్టుకుంటుండొచ్చు.

ఆల్ఫా-2 దగ్గర మనకి తెలిసిన మందు కథ ఒకటుంది. ఆల్ఫా-2ఏ, ఆల్ఫా-2బీ అని రెండు మందులొచ్చాయి, రెండిటికీ 1986లో అమెరికాలో అనుమతి వచ్చింది, హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళ షాన్‌ఫెరాన్ కూడా ఆల్ఫా-2బీనే. ఈ రెండిటికీ తేడా 23వ అమైనో ఆమ్లం ఒక్కటే, 2ఏలో లైసిన్, 2బీలో ఆర్జినిన్. మీ తెరమీద ఉన్నది ఏదో మీరే తేల్చండి. అయితే సిగ్నల్ పెప్టైడ్ మర్చిపోవద్దు, ఇక్కడ అది 23 అమైనో ఆమ్లాలు, కాబట్టి అసలు ప్రోటీన్‌లో 23 అంటే ఎన్‌సీబీఐ చూపించే ప్రోటీన్‌లో 46. మందుల కాగితాల్లో ఒక లెక్క, డేటాబేసులో ఇంకో లెక్క ఉండటం వల్ల థీసిస్‌లలో కూడా ఈ తప్పు దొర్లుతుంది.

గామా, మూడు ఇంట్రాన్లు

ఇంటర్‌ఫెరాన్ గామా పేరు మీకు తెలియకపోయినా దాని పరీక్ష మీ ఇంట్లో ఎవరో ఒకరు చేయించుకునే ఉంటారు. ల్యాబుల్లో టీబీ గోల్డ్ అంటారే, అది రక్తంలోని టీ కణాలకి టీబీ క్రిమి ప్రోటీన్ ముక్కలు చూపించి, అవి ఎంత గామా వదులుతాయో కొలిచే పరీక్ష. ఈ జన్యువు పేరు ఐఎఫ్ఎన్‌జీ, 12వ క్రోమోజోమ్ పొడుగు చేతి మీద ఉంది. ఆల్ఫా, బీటాలతో పేరు కలిసింది కానీ నిర్మాణంలో చుట్టరికం లేదు.

బ్రౌజర్‌లో తెరిస్తే ఇక్కడ మీ పుస్తకం బొమ్మ దొరుకుతుంది. నాలుగు డబ్బాలు, మధ్యలో మూడు గీతలు, మొత్తం సుమారు 5,000 అక్షరాలు. సీడీఎస్ మాత్రం 501, అంటే 166 అమైనో ఆమ్లాలు. ఐదు వేలలో ప్రోటీన్‌కి పనికొచ్చేది పదో వంతు. ఇదీ మైనస్ స్ట్రాండే, జీనోమిక్ సీక్వెన్స్ లింకు నుంచి తీసుకుంటేనే మంచిది. ఎక్సాన్లు పెద్దక్షరాల్లో, ఇంట్రాన్లు చిన్నక్షరాల్లో ఇమ్మని అడిగే వీలు అక్కడుంది, అలా తీసుకుని ప్రతి ఇంట్రాన్ మొదటి రెండక్షరాలు, చివరి రెండక్షరాలు రాసుకోండి. మూడిట్లోనూ జీటీతో మొదలై ఏజీతో ముగుస్తుంది. పుస్తకంలో బట్టీ పట్టిన సూత్రం కళ్ళముందు మూడుసార్లు వరసగా కనిపిస్తే కలిగే ఆనందం వేరు. మొదటి ఇంట్రాన్‌లో సీఏసీఏసీఏ అని పునరావృతమయ్యే ముక్క ఒకటి, దాని పక్కనే కొందరిలో టీ, కొందరిలో ఏ ఉండే చోటు ఒకటి ఉన్నాయి. టీబీ మీద పనిచేసేవాళ్ళు +874 అని రాసేది ఈ చోటునే, టీ ఉంటే అక్కడ ఎన్ఎఫ్ కప్పా బీ కూర్చోగలదు. కాబట్టి ఇంట్రాన్ అంటే చెత్త అని ఎవరన్నా నమ్మకండి.

ఇంట్రాన్ లేకపోతే మీకేంటి నష్టం

ఈ నిర్మాణం పరీక్షలో మార్కుల కోసమే అనుకుంటే పొరపాటు, నేను మూడు వారాలు దీని వల్లే పోగొట్టుకున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఏ549 అనే ఊపిరితిత్తి కణాలకి పాలీ ఐసీ (వైరస్ ఆర్ఎన్ఏని పోలిన పదార్థం) ఇచ్చి, ఆర్ఎన్ఏ తీసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని డీఎన్ఏ కాపీగా, అంటే సీడీఎన్ఏగా చేసి, బీటా పెరిగిందా అని పీసీఆర్ పెట్టాను. పాలీ ఐసీ ఇచ్చిన వాటిలోనూ, ఇవ్వని వాటిలోనూ బ్యాండ్ వచ్చింది, సరిగ్గా అనుకున్న సైజులో. కణాలు బాగాలేవనుకున్నాం, కొత్త కణాలు తెచ్చాం, పాలీ ఐసీ మార్చాం, మళ్ళీ అదే. ఎంజైమ్ ఖరీదు కదా అని అనవసరపు ట్యూబులు పెట్టొద్దన్నారు, కాబట్టి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబ్ ఒక్కటి కూడా మేం పెట్టలేదు. చివరికి ఒక సీనియర్ అక్క పట్టుబట్టి పెట్టించింది. ఎంజైమ్ లేని ఆ ట్యూబులో కూడా అదే సైజులో బ్యాండ్. అంటే మేం చూస్తున్నది ఆర్ఎన్ఏని కాదు, ఆర్ఎన్ఏతో పాటు మిగిలిపోయిన డీఎన్ఏని. ఆ రోజు టెన్షన్‌తో అన్నం సహించలేదు నాకు.

గామా అయితే ఇలా జరగదు. ఒక ప్రైమర్ ఒక ఎక్సాన్‌లో, రెండోది ఇంకో ఎక్సాన్‌లో పెడితే డీఎన్ఏ నుంచి వచ్చే బ్యాండ్ ఇంట్రాన్‌ని కలుపుకుని పెద్దదవుతుంది, జెల్ మీద చూడగానే తెలిసిపోతుంది, ఇంట్రాన్ పెద్దదైతే అసలు రాదు. బీటాకి, ఆల్ఫాలకి ఆ వీలు లేదు. ప్రైమర్ ఎక్కడ పెట్టినా డీఎన్ఏ బ్యాండ్, సీడీఎన్ఏ బ్యాండ్ ఒకే సైజు. కాబట్టి వీటితో పనిచేసేటప్పుడు ఆర్ఎన్ఏకి డీఎన్ఏజ్ (డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్) పట్టించండి, ప్రతి శాంపిల్‌కీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని ట్యూబ్ పెట్టండి, ఖర్చెక్కువని ఎవరన్నా ఒప్పుకోకండి. మూడు వారాల కణాల మీడియా ఖర్చు ఆ ఎంజైమ్ కంటే చాలా ఎక్కువ.

అసలు వీటికి ఇంట్రాన్లు ఎందుకు లేవు అంటే, చేపల్లో ఇలాంటి ఇంటర్‌ఫెరాన్లకి ఇంట్రాన్లున్నాయి. కాబట్టి మన పూర్వీకుల్లో ఎప్పుడో ఒక ఎంఆర్ఎన్ఏ తిరిగి డీఎన్ఏగా మారి జీనోమ్‌లో అతుక్కుని ఉంటుందని, ఇప్పుడున్నవి దాని సంతానమని చాలామంది నమ్ముతారు, నాకూ అదే సరిగ్గా అనిపిస్తుంది.

చివరగా లామ్డా-4

19వ క్రోమోజోమ్ మీద లామ్డా జన్యువులున్నాయి, 2003లో బయటపడ్డాయి, వీటికి ఇంట్రాన్లున్నాయి. మొదటి మూడింటినీ త్వరగా చూసేసి నాలుగోదాని దగ్గర ఆగండి, ఐఎఫ్ఎన్‌ఎల్4, 2013లో దొరికింది. ఆరెస్ నంబరు (మనుషుల మధ్య తేడా ఉండే చోటుకి ఇచ్చే గుర్తు) 368234815 అని బ్రౌజర్‌లో వెతికితే మొదటి ఎక్సాన్‌లో ఒక చోటుకి తీసుకెళ్తుంది. కొందరిలో అక్కడ టీటీ అని రెండక్షరాలుంటాయి, కొందరిలో జీ అని ఒక్కటే. అక్షరం సంఖ్య మారింది కాబట్టి మూడేసి చొప్పున చదివే వరస మొత్తం జరిగిపోతుంది. ఒక్క జీ ఉన్నవాళ్ళలో లామ్డా-4 ప్రోటీన్ తయారవుతుంది, టీటీ ఉన్నవాళ్ళలో తయారుకాదు.

వైరస్‌ని తరిమే ప్రోటీన్ లేనివాళ్ళకి నష్టం అనుకుంటాం కదా. హెపటైటిస్ సీ విషయంలో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. టీటీ ఉన్నవాళ్ళే, అంటే ఆ ప్రోటీన్ లేనివాళ్ళే, ఆ వైరస్‌ని తమంతట తాము వదిలించుకోవడంలో ముందున్నారు, ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లకి కూడా వాళ్ళకే బాగా గుణం కనిపించింది. కాగితం మీద ఆ చోటు ముందూ వెనకా ముప్ఫై అక్షరాలు రెండు వరసలుగా రాసుకోండి, ఒక వరసలో టీటీ, ఇంకో దాంట్లో జీ. రెండిటినీ మూడేసి అక్షరాలుగా గీతలు కొట్టి అమైనో ఆమ్లాలు కింద రాయండి. ఆ చోటు దాకా రెండు వరసలూ ఒకేలా నడుస్తాయి, అక్కడి నుంచి అమైనో ఆమ్లాల వరసే మారిపోతుంది.